చేప వాసన

మూత్రంలో మంట, చిన్న జ్వరం.
సున్వాకి పందొమ్మిదేళ్లు.
రోజుకి మూడు మాత్రలు, భోజనంతో, అని రాశాను.
చీటీ రాయడానికి ఎంతసేపు పట్టిందో
ఆలోచించడానికీ అంతే పట్టింది.

ఐదో రోజుకి మంట పోయింది.
ఆరో రోజు రేవు మెట్లెక్కుతూ
నాలుగో మెట్టు మీద కూర్చుండిపోయింది.
"అలసట" అంది, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు.

మళ్లీ పరీక్షలు చేశాను. ఇన్ఫెక్షన్ లేదు.
నా మందు పనిచేసిందని
ఒక్క క్షణం గర్వపడ్డాను కూడా.
గుండె గీత మాత్రం
పసిపిల్ల గీసిన కొండల వరస:
ఒకటి ఎత్తు, ఒకటి పల్లం,
ఒకటి గీయడమే మరిచిపోయింది.

ఫారో దీవుల్లో పొగమంచుకి వేళాపాళా లేదు.
హెలికాప్టర్ రాదన్నారు. ఫెర్రీ రేపు పొద్దున.
ఈ రాత్రికి ఒక మంచం, ఒక యంత్రం, నేను,
అల్లిక సూదులు ఆపని అమ్మమ్మ ఎల్స్పా.

అర్ధరాత్రి దాటాక, నన్ను కాదు,
ఉన్నిని చూస్తూ చెప్పింది:
"మా తమ్ముడు తుమ్మాస్ కూడా ఇంతే.
వారం జ్వరపడి లేచాడు, ఏమీ తినలేదు.
పడవ మీద తెడ్డుకే తల ఆన్చాడు.
నిద్రనుకుని పక్కవాడు కోటు కప్పాడు."

రికార్డులో ఏం రాశారని అడిగాను.
"సముద్రం" అంది.
మా ఊళ్లో ఎవరికీ అర్థంకాని చావుల్ని
సముద్రం ఖాతాలోనే రాస్తాం.

"ఇంకొకటి" అంది, మళ్లీ కుట్లు లెక్కపెట్టుకుని,
"పిల్ల మాంసం ముట్టి రెండేళ్లు.
సీసాతో పాలుపట్టి పెంచిన గొర్రెపిల్లని
మేం కోశామని."

అప్పుడు లేచాను.
కోపెన్‌హాగన్‌కి ఫోన్ చేశాను. ఎవరో నిద్రమత్తు గొంతుతో
"ఏ మందు ఇచ్చావు?" అన్నారు.
పేరు చదివాను.
తీగకి అటువైపు మత్తు వదిలిపోవడం వినిపించింది.

ప్రతి కణంలోనూ ఒక కూలీ ఉంటాడట,
కొవ్వుని మోసుకెళ్లి పొయ్యి దగ్గర దించేవాడు.
కార్నిటైన్ అతని పేరు.
సున్వా ఒంట్లో పుట్టుకతోనే కూలీలు తక్కువ.
నా మాత్ర బయటికి పోతూ పోతూ
ఉన్న ఆ కాసిని మందినీ
చెయ్యి పట్టుకుని వెంట తీసుకుపోయింది.
ప్రమిద నిండా నూనె.
వత్తికి అందదు.

ఇప్పుడైతే ఇక్కడ పిల్లలకి కూడా ఈ సంగతి తెలుసు.
అప్పుడు తెలీదు. ఇది సాకు కాదు,
సాకు కాదని ఇన్నిసార్లు ఎందుకు అనుకుంటానో.

గ్లూకోజు పెట్టాను. తెల్లవారుజామున గుండె ఆగింది.
నా అరచేతుల కింద
పక్కటెముక ఒకటి విరిగింది.
ఎండుపుల్ల చప్పుడు.
ఎల్స్పా సూదులు మొదటిసారి ఆగాయి.
తర్వాత గీత లేచింది, వంకరగా,
కానీ లేచింది.
ఫెర్రీలో పొడి వచ్చింది, ఒక అట్టపెట్టెలో,
టమాటాల పక్కన.

ఎనిమిది నెలలకి తనే నడిచి వచ్చింది.
మెట్లన్నీ ఎక్కి, ఆయాసం లేకుండా.
కూర్చోలేదు.

"ఆ పొడి తాగితే ఒళ్లంతా చేపల కంపు.
బ్యాంకులో నా పక్క కుర్చీ ఖాళీ.
రోజుకి మూడుసార్లు స్నానం చేస్తున్నాను.
శనివారాలు మానేస్తున్నాను, డాన్స్ ఉంటుంది కదా."

నవ్వాను. అదీ తప్పే.
"చేపలమ్ముకు బతికే దీవిలో
చేప వాసన ఎవడికి పడుతుంది?" అన్నాను.
ఆమె నవ్వలేదు.

"శనివారం మానితే
ఆదివారం ఉండకపోవచ్చు" అనలేదు.
మోతాదు తగ్గించి రోజంతటికీ పంచి రాశాను.
ఈసారి చీటీ రాయడానికి చాలాసేపు పట్టింది.
రాసిందాన్ని ఇద్దరం చదువుకున్నాం.

తను వెళ్లాక
గదిలో ఆ వాసన కాసేపు నిలిచింది,
పొద్దున్నే వల దులిపినట్టు.
తర్వాతి రోగి ముక్కు మూసుకుని
కిటికీ తియ్యమన్నాడు.

తియ్యలేదు.